రోజర్ కేస్‌మెంట్

రోజర్ డేవిడ్ కేస్‌మెంట్ (సెప్టెంబరు 1, 1864 – ఆగష్టు 3, 1916) ఐర్లండుకు చెందిన ప్రముఖ అన్వేషకుడు, దౌత్యవేత్త, స్వాతంత్ర్య యోధుడు. కాంగో, అమెజాన్ అడవులలో రబ్బరు వ్యాపారుల దురాగతాలను లోకానికి వెల్లడించినవాడు. స్వలింగ ప్రేమ శిక్షార్హమైన కాలంలో జీవించిన ఇతని స్వకీయ దినచర్య పుస్తకాలే చివరికి ఇతనికి క్షమాభిక్ష దక్కకుండా చేయడానికి ఆయుధాలయ్యాయి.

బాల్యము

కేస్‌మెంట్ డబ్లిన్ సమీపాన శాండీకోవ్‌లో జన్మించాడు. తండ్రి ప్రొటెస్టంటు, సైనికాధికారి. తల్లి ఆనీ జెఫ్సన్ కుమారునికి రహస్యంగా కేథలిక్ జ్ఞానస్నానం చేయించింది. పదమూడేళ్ళు నిండేసరికి తల్లిదండ్రులిద్దరూ గతించారు. పదహారవ యేట చదువు మాని, లివర్‌పూల్‌లో ఒక ఓడల కంపెనీలో గుమాస్తాగా చేరాడు.

ఆఫ్రికా అన్వేషణ

1883లో ఓడ ఉద్యోగిగా తొలిసారి ఆఫ్రికా చేరాడు. మరుసటి యేడు స్టాన్లీ నాయకత్వాన కాంగో నదీ ప్రాంతంలో పనిచేస్తున్న అంతర్జాతీయ ఆఫ్రికా సంఘంలో చేరి, సర్వే పనులలో పాల్గొన్నాడు. 1890లో మటాడీలో రచయిత జోసెఫ్ కాన్రాడ్‌తో పరిచయమయింది. 1892లో బ్రిటిషు ప్రభుత్వ కొలువులో ప్రవేశించి, తరువాత కాన్సల్ అయ్యాడు.

1903లో ప్రభుత్వాదేశంపై ఎగువ కాంగోలో పర్యటించి, బెల్జియం రాజు లియోపోల్డ్ II ఏలుబడిలో రబ్బరు కోసం జరుగుతున్న కొరడా దెబ్బలు, అంగచ్ఛేదాలు, నిర్బంధ చాకిరీని గ్రామస్థుల నోటనే విని నమోదు చేశాడు. ఈ నివేదిక 1904లో వెలువడింది. 1908లో కాంగో రాజు చేతినుండి బెల్జియం ప్రభుత్వం క్రిందికి మారడానికి ఇది ఒక ముఖ్య కారణం. 1910లో పెరూ దేశపు పుటుమాయో ప్రాంతానికి వెళ్ళి, ఆదిమవాసులపై పెరూవియన్ అమెజాన్ కంపెనీ జరిపిన హింసను బయటపెట్టాడు. 1911లో ఇతనికి సర్ బిరుదు లభించింది.

రహస్య జీవితము

ఇంగ్లండులో 1885 నాటి చట్టం పురుషుల మధ్య లైంగిక సంబంధాన్ని నేరంగా పరిగణించి, రెండేళ్ళ వరకు జైలుశిక్ష విధించేది. 1895లో రచయిత ఆస్కార్ వైల్డ్ ఈ శిక్షకే గురయ్యాడు. 1903లో ఇటువంటి ఆరోపణపై సేనాని హెక్టర్ మెక్‌డొనాల్డ్ ఆత్మహత్య చేసుకోగా, కేస్‌మెంట్ తన దినచర్యలో విచారం వెలిబుచ్చాడు. తన సంబంధాలను మాత్రం అతడు ఆ పుటలలోనే దాచుకున్నాడు.

దేశద్రోహ నేరము

1913లో పదవీ విరమణ చేసి ఐరిష్ జాతీయోద్యమంలో చేరాడు. యుద్ధకాలంలో జర్మనీకి వెళ్ళి సాయం కోరాడు. అందిన సాయం చాలదని గ్రహించి, తిరుగుబాటును ఆపించాలన్న తలంపుతో 1916 ఏప్రిల్ 21న జలాంతర్గామిలో కెర్రీ తీరం చేరి పట్టుబడ్డాడు. 1351 నాటి రాజద్రోహ చట్టం క్రింద జూన్ 29న మరణశిక్ష పడింది. న్యాయస్థానంలో ఇతడిచ్చిన వాంగ్మూలం జవహర్‌లాల్ నెహ్రూను ఎంతగానో ప్రభావితం చేసింది.

కోనన్ డాయిల్, యేట్స్, బెర్నార్డ్ షా క్షమాభిక్షకై ప్రయత్నించారు. అదే సమయంలో అధికారులు దినచర్యలలోని భాగాలను పత్రికల వారికి, అమెరికా రాయబారికి, మత పెద్దలకు గుట్టుగా చూపించారు. దానితో చాలామంది మద్దతుదారులు వెనుకంజ వేశారు. విచారణలో ప్రస్తావనకే రాని విషయం అతని ప్రాణాలను కాపాడే అవకాశాన్ని హరించింది. ఆగష్టు 3న లండనులోని పెంటన్‌విల్ జైలులో ఉరితీశారు.

మరణానంతరము

దినచర్యలు కూటసృష్టి అని చాలామంది ఐరిష్ వారు దశాబ్దాల పాటు నమ్మారు. 2002లో జరిగిన చేతివ్రాత పరీక్ష అవి అతనివేనని తేల్చింది. అయినా కొందరు అంగీకరించలేదు. 1965లో అస్థికలను డబ్లిన్‌కు తరలించి, ప్రభుత్వ లాంఛనాలతో గ్లాస్నెవిన్‌లో ఖననం చేశారు. ఆంట్రిమ్ తీరాన మర్లో అఖాతం వద్ద సమాధి కావాలన్న అతని కోరిక మాత్రం నెరవేరలేదు. స్వలింగ సంబంధాలు నేరం కాదని ఇంగ్లండులో 1967లో, ఐర్లండులో 1993లో చట్టాలు వచ్చాయి. భారతదేశంలో 2018లో సుప్రీంకోర్టు ఇదే తీర్పునిచ్చింది.