ఫ్రాంక్ విల్కాక్సన్

ఫ్రాంక్ విల్కాక్సన్ (సెప్టెంబరు 2, 1892 - నవంబరు 18, 1965) అమెరికాకు చెందిన రసాయన శాస్త్రవేత్త, సాంఖ్యక శాస్త్రవేత్త. రెండు సమూహాల కొలతలను పోల్చేటప్పుడు కొలతలకు బదులుగా వాటి వరుస స్థానాలను, అనగా ర్యాంకులను, ఆధారంగా తీసుకొనే రెండు పరీక్షలను ఇతడు 1945లో ప్రకటించాడు. మొదటిది ర్యాంకుల మొత్తపు పరీక్ష, రెండవది చిహ్నిత ర్యాంకు పరీక్ష. అపరామితీయ పరీక్షలు అనబడే పద్ధతులలో ఈ రెండూ విశేషంగా వాడుకలో ఉన్నాయి. వైద్యం, వ్యవసాయం, మనస్తత్వ శాస్త్రం, విద్య మొదలైన రంగాలలో పరిశోధన చేసేవారికి విల్కాక్సన్ పేరు సుపరిచితం. అయితే ఇతడు పొందిన పట్టాలన్నీ రసాయన శాస్త్రానికి చెందినవే.

జననం, విద్యాభ్యాసం

విల్కాక్సన్ తల్లిదండ్రులు సంపన్నులైన అమెరికన్లు. వారు ఐర్లండు దక్షిణ భాగాన, కార్క్ ప్రాంతంలోని గ్లెన్‌గారిఫ్ కోటలో ఉన్న కాలంలో ఇతడు జన్మించాడు. బాల్యం న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న క్యాట్‌స్కిల్‌లో గడిచింది. పెన్సిల్వేనియా మిలిటరీ కళాశాల నుండి 1917లో పట్టభద్రుడై, 1921లో రట్గర్స్ విశ్వవిద్యాలయం నుండి రసాయన శాస్త్రంలో ఎం.ఎస్., 1924లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుండి భౌతిక రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొందాడు.

పరిశోధనశాలలో

1925లో న్యూయార్క్ సమీపాన యాంకర్స్‌లో గల బాయిస్ థాంప్సన్ వృక్ష పరిశోధన సంస్థలో చేరాడు. కొద్దికాలపు విరామం మినహా 1941 వరకు అక్కడే పనిచేసాడు. పంటలను ఆశించే శిలీంద్రాలను, కీటకాలను నాశనం చేసే మందులు ఇతని పరిశోధనాంశాలు. చేమంతి జాతి పూల నుండి లభించే పైరెత్రం, మైలుతుత్తం సున్నం కలిపి తయారుచేసే బోర్డో మిశ్రమం వీటిలో ఉన్నాయి. బోర్డో మిశ్రమం మన ద్రాక్ష, నిమ్మ తోటల రైతులకు కొత్తది కాదు.

రోనాల్డ్ ఫిషర్ రచించిన సాంఖ్యక పద్ధతుల గ్రంథం 1925లో వెలువడింది. బాయిస్ థాంప్సన్ సంస్థలో విల్కాక్సన్, జాక్ యూడెన్, ఎఫ్. ఇ. డెన్నీ మొదలైనవారు ఒక అధ్యయన బృందంగా ఏర్పడి ఆ గ్రంథాన్ని చదివారు. యూడెన్ కూడా రసాయన శాస్త్రజ్ఞుడే. తరువాతి కాలంలో ప్రయోగ రచనా శాస్త్రంలో గొప్ప పేరు తెచ్చుకొన్నాడు. అంతగా వివరణలు లేని ఫిషర్ పుస్తకాన్ని గురువు లేకుండా చదివి, ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు సాంఖ్యక శాస్త్రంలో స్థానం సంపాదించడం విశేషంగా చెప్పుకోవాలి.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విల్కాక్సన్ ఒహాయో రాష్ట్రంలోని ఒక ఆయుధ కర్మాగారంలో, అట్లాస్ పౌడర్ కంపెనీ తరఫున, నాణ్యతను పరీక్షించే ప్రయోగశాల పనులు చూసాడు. 1943లో అమెరికన్ సయనమిడ్ కంపెనీలో చేరి, తొలుత కనెక్టికట్ రాష్ట్రంలోని స్టాంఫర్డ్ ప్రయోగశాలలోను, తరువాత అదే కంపెనీకి చెందిన లెడర్లీ ప్రయోగశాలలలోను పనిచేసి 1957లో పదవీ విరమణ చేసాడు. మన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తూ 1948లో మరణించాడు. 1943 నుండి 1948 వరకు ఇద్దరూ వేర్వేరు ప్రయోగశాలలలో ఒకే కంపెనీ ఉద్యోగులుగా ఉన్నారు.

టి-పరీక్షతో వచ్చిన చిక్కు

ఆ రోజులలో రెండు మందులను పోల్చడానికి టి-పరీక్షను వాడేవారు. డబ్లిన్ నగరంలోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో దీనికి పునాది వేసాడు. రెండు అంకమధ్యమాల భేదాన్ని, యాదృచ్ఛికంగా రాగల ఒడిదుడుకుల పరిమాణంతో భాగించడమే ఇందులోని కిటుకు. కొలతలు గంట ఆకారపు సామాన్య విభాజనాన్ని అనుసరించాలి, రెండు సమూహాల విస్తృతి సమానంగా ఉండాలి, ఒక కొలత మరొకదానిపై ఆధారపడరాదు అనే మూడు షరతులపై ఈ పరీక్ష నిలబడి ఉంది. సామాన్య విభాజనపు పరామితులైన మధ్యమం, విస్తృతులపై ఆధారపడుతుంది కాబట్టి దీనిని పరామితీయ పరీక్ష అంటారు.

ప్రయోగశాలలోని కొలతలు ఈ షరతులను ఎప్పుడూ మన్నించవు. డేవిడ్ సాల్స్‌బర్గ్ 2001లో ప్రచురించిన సాంఖ్యక శాస్త్ర చరిత్ర గ్రంథం ప్రకారం, మిగిలిన వాటికి దూరంగా ఎక్కడో పడే ఒకటి రెండు కొలతలు టి-పరీక్షను తారుమారు చేయడమే విల్కాక్సన్‌ను వేధించిన సమస్య.

ఒక ఊహాత్మక ఉదాహరణతో దీనిని గ్రహించవచ్చు. మొదటి మందు ఐదు ప్రయోగాలలో వరుసగా 71, 74, 78, 80, 83 ఈగలను, రెండవ మందు 60, 62, 65, 69, 72 ఈగలను చంపాయనుకొందాం. మధ్యమాలు 77.2, 65.6. భేదం 11.6. టి విలువ 3.78 వస్తుంది. ఇక్కడ 5 శాతం స్థాయికి దాటవలసిన హద్దు 2.31 మాత్రమే కాబట్టి, మొదటి మందు మేలైనదని చెప్పవచ్చు. ఇప్పుడు 83 స్థానంలో 183 వచ్చిందనుకొందాం. మొదటి మందు ఇంకా బాగా పనిచేసినట్లే కదా! మధ్యమాల భేదం కూడా 31.6కు పెరుగుతుంది. కాని టి విలువ 1.46కు పడిపోతుంది, తేడా రుజువు కాలేదని పరీక్ష చెబుతుంది. ఆ ఒక్క కొలత భేదాన్ని పెంచిన దానికంటె విస్తృతిని ఎక్కువగా పెంచడమే దీనికి కారణం.

విల్కాక్సన్ సూచించిన మార్గం చాలా సులువైనది. పది కొలతలనూ కలిపి చిన్నదాని నుండి పెద్దదానికి వరుసలో పేర్చి 1 నుండి 10 వరకు ర్యాంకులు ఇవ్వాలి. పై ఉదాహరణలో మొదటి మందుకు 5, 7, 8, 9, 10 వచ్చి మొత్తం 39 అవుతుంది. రెండవదానికి 1, 2, 3, 4, 6 వచ్చి మొత్తం 16 అవుతుంది. మందుల మధ్య తేడా లేకపోతే పది ర్యాంకులలో ఏ ఐదైనా సమాన సంభావ్యతతో రెండవ మందుకు రావచ్చు. అటువంటి ఎంపికలు 252 ఉన్నాయి. వాటిలో మొత్తం 16 గాని అంతకు తక్కువ గాని అయ్యేవి రెండే. రెండు వైపులా లెక్కిస్తే 252లో 4, అనగా సుమారు 0.016. ఆఖరి కొలత 83 అయినా 183 అయినా దాని ర్యాంకు 10 మాత్రమే, కాబట్టి జవాబు మారదు. ఆ కొలతను పారవేయనూ లేదు, దానికి పెత్తనం ఇవ్వనూ లేదు.

నాలుగు పుటల వ్యాసం

ఈ పద్ధతిని విల్కాక్సన్ 1945 డిసెంబరులో బయోమెట్రిక్స్ బులెటిన్ అనే పత్రికలో నాలుగు పుటల వ్యాసంగా ప్రకటించాడు. అందులోని ఒక ఉదాహరణ రెండు ఈగల మందులను పోల్చేదే. ఒకే పొలంలోని జంట మడుల వలె జతలుగా వచ్చే కొలతలకు మరొక పరీక్షను కూడా అదే వ్యాసంలో ఇచ్చాడు. జతలోని తేడాలను, ధన ఋణ గుర్తులను ప్రక్కన పెట్టి, పరిమాణాన్ని బట్టి ర్యాంకులుగా మార్చి, తరువాత గుర్తులను తిరిగి చేర్చి కూడడం ఈ పరీక్ష విధానం. ఇంత సులభమైన విషయాన్ని ఎవరో ముందే కనుగొని ఉంటారని, పత్రిక పరిశీలకులు ఆ సంగతి చెప్పి వ్యాసాన్ని త్రిప్పి పంపుతారని విల్కాక్సన్ భావించినట్లు సాల్స్‌బర్గ్ రాసాడు. ఇతని ఊహ పూర్తిగా తప్పేమీ కాదు. జర్మనీకి చెందిన గుస్తావ్ డాయిష్లర్ 1914లోనే ఇటువంటి పద్ధతిని ప్రతిపాదించాడని 1957లో విలియం క్రుస్కల్ వెలికితీసాడు.

విల్కాక్సన్ ర్యాంకుల మొత్తపు పరీక్షను సమాన సంఖ్యలో కొలతలు గల సమూహాలకే వివరించాడు. హెన్రీ మాన్, డి. ఆర్. విట్నీ 1947లో దీనిని అసమాన సమూహాలకు విస్తరించి, గణిత నిరూపణలు జోడించారు. అందుచేతనే ఈ పరీక్షను కొన్ని పుస్తకాలు మాన్-విట్నీ పరీక్ష అంటాయి. రెండూ ఒకటే. మూడు గాని అంతకు ఎక్కువ గాని సమూహాలకు క్రుస్కల్, వాలిస్ 1952లో ఇదే మార్గంలో పరీక్షను రూపొందించారు.

ర్యాంకుల వలన నష్టమెంత?

కొలతలను ర్యాంకులుగా మారిస్తే విలువైన సమాచారం పోతుందని, ఇది తొందరపని వారికి పనికివచ్చే మోటు పద్ధతి అని మొదట్లో అనుకొనేవారు. విల్కాక్సన్ సైతం తన చిరుపుస్తకానికి త్వరితమైన, ఉజ్జాయింపు పద్ధతులు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. తరువాత జరిగిన గణిత పరిశోధన వేరే విషయం చెప్పింది. టి-పరీక్ష షరతులన్నీ నెరవేరినప్పుడు కూడా, పెద్ద నమూనాలలో ర్యాంకు పరీక్ష సామర్థ్యం దానిలో 95.5 శాతం ఉంటుంది. అనగా టి-పరీక్షకు 100 కొలతలు కావలసిన చోట దీనికి సుమారు 105 చాలు. హాడ్జెస్, లేమాన్ 1956లో ఇంకొక అడుగు ముందుకు వేసారు. రెండు విభాజనాల ఆకారం ఒకటే అయి స్థానం మాత్రమే వేరైనప్పుడు, ఆ ఆకారం ఏదైనా సరే, ఈ సామర్థ్యం 86.4 శాతం కంటె తగ్గదని నిరూపించారు. పైవైపు మాత్రం హద్దు లేదు. తోకలు పొడవుగా ఉండే ద్విఘాతీయ విభాజనంలో అది 150 శాతం. అంటే నష్టపోతే కొద్దిగా, లాభపడితే చాలా ఎక్కువగా అన్నమాట.

షరతులు లేని పరీక్ష కాదు

సామాన్య విభాజనం కాకపోతే విల్కాక్సన్ పరీక్ష చేయాలి అనే సూత్రాన్ని విద్యార్థులు కంఠస్థం చేస్తుంటారు. అది సగమే నిజం. కొలతలు ఎక్కువగా ఉండి, విభాజనం మరీ వంకరగా లేనప్పుడు, కేంద్రీయ అవధి సిద్ధాంతం వలన టి-పరీక్ష కూడా బాగానే నిలబడుతుంది. సామాన్యత ఉందా లేదా అని ముందుగా మరొక పరీక్ష చేసి నిర్ణయించడం కూడా అంత నమ్మదగినది కాదు. నమూనా చిన్నదైతే ఆ పరీక్షకు లోపాన్ని పట్టే శక్తి ఉండదు. పెద్దదైతే హాని చేయని లోపాన్ని కూడా పట్టి చూపుతుంది.

విస్తృతులు అసమానమైతే ర్యాంకులు మందు కావు. చిన్న సమూహంలో చెదరు ఎక్కువగా, పెద్ద సమూహంలో తక్కువగా ఉంటే టి-పరీక్ష తప్పు తీర్పులను 5 శాతం హద్దులో ఉంచలేదు. విల్కాక్సన్ పరీక్ష కూడా ఉంచలేదు. ఇటువంటి చోట బి. ఎల్. వెల్చ్ సవరించిన టి-పరీక్షయే తగినది. రెండు విభాజనాల ఆకారం ఒకటే అయితేనే ర్యాంకుల మొత్తపు పరీక్ష మధ్యగతాల తేడాను చెబుతుంది. ఆకారాలు వేరైతే, ఒక సమూహంలోని కొలత రెండవదాని కొలత కంటె పెద్దది కావడానికి ఎక్కువ అవకాశం ఉందా అన్నదే చెబుతుంది. చిహ్నిత ర్యాంకు పరీక్షకు తేడాలు సౌష్ఠవంగా ఉండడం అవసరం. స్వాతంత్ర్య షరతు పోతే రెండు రకాల పరీక్షలూ కూలిపోతాయి. ఒకే ఉపాధ్యాయుడు బోధించిన ఒకే తరగతిలోని 40 మంది పిల్లలను 40 స్వతంత్ర కొలతలుగా లెక్కించడం విద్యా పరిశోధనలలో తరచు కనబడే దోషం. ర్యాంకులు ఇచ్చినంత మాత్రాన అది పోదు.

మరీ చిన్న నమూనాలలో మరొక ఇబ్బంది ఉంది. మూడేసి కొలతలు గల రెండు సమూహాలలో సాధ్యమయ్యే అమరికలు 20 మాత్రమే. ఒక సమూహం పూర్తిగా రెండవదాని పైన ఉన్నా రెండు వైపుల సంభావ్యత 20లో 2, అనగా 0.10. కాబట్టి 5 శాతం స్థాయిలో తేడాను చూపడం అసాధ్యం. ప్రయోగం మొదలుపెట్టక ముందే ఈ లెక్క చూసుకొనడం మంచిది.

ఇతర కృషి, చివరి రోజులు

ఔషధ శాస్త్రంలో విల్కాక్సన్ పేరు మరొక విధంగా కూడా నిలిచింది. జె. టి. లిచ్‌ఫీల్డ్‌తో కలిసి 1949లో మోతాదుకు, ఫలితానికి గల సంబంధాన్ని గ్రాఫు కాగితం సాయంతో త్వరగా కనుగొనే పద్ధతిని ప్రచురించాడు. ప్రయోగంలోని జంతువులలో సగాన్ని చంపే మోతాదును లెక్కించడానికి దశాబ్దాల పాటు ఈ పద్ధతిని వాడారు.

1960లో టలహాసీలోని ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో, రాల్ఫ్ బ్రాడ్లీ నెలకొల్పిన సాంఖ్యక శాస్త్ర విభాగంలో అధ్యాపకుడయ్యాడు. అప్పటికి వయస్సు 67 సంవత్సరాలు. కొలతలు ఒక్కొక్క విడతగా వస్తుండగానే ర్యాంకులతో నిర్ణయం తీసుకొనే క్రమానుగత పరీక్షలపై బ్రాడ్లీ తదితరులతో కలిసి పరిశోధన చేసి 1963లో వ్యాసం ప్రకటించాడు. తన చిరుపుస్తకాన్ని రోబెర్టా విల్కాక్స్‌తో కలిసి సవరించి 1964లో తిరిగి వెలువరించాడు. మరుసటి సంవత్సరం నవంబరు 18న టలహాసీలో మరణించాడు.

సాంఖ్యక గణనకు విరివిగా వాడే ఆర్ అనే సాఫ్ట్‌వేరులో ఈ రెండు పరీక్షలకు సంబంధించిన ఆదేశం విల్కాక్సన్ పేరుతోనే ఉంది. అందులో పై ఈగల మందు ఉదాహరణను ఇస్తే, మొదటి మందు ర్యాంకుల మొత్తం 39 కనబడదు, 24 కనబడుతుంది. ఐదు కొలతలకు రాగల కనిష్ఠ మొత్తమైన 15ను తీసివేసి, మాన్, విట్నీ పద్ధతిలో జవాబు ఇవ్వడమే దీనికి కారణం. సంభావ్యత మాత్రం అదే 0.016 వస్తుంది.