జీతం విద్యార్థులకు.. జీవితం విద్యకు
పేదరికం చదువుకు అడ్డు కాకూడదన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు

కాకినాడ: డబ్బు లేదన్న కారణంతో డిగ్రీ చదువు మధ్యలో ఆగిపోకూడదని నూరేళ్ల క్రితమే తలచి, ఆ తలంపును తన జీతంతోనే ఆచరణలో పెట్టిన ఆచార్యుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు. పిఠాపురం రాజా కళాశాల అధ్యక్షునిగా ఆయన కాకినాడలో గడిపిన సంవత్సరాలు జిల్లా విద్యాచరిత్రలో ఒక అధ్యాయం.

1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో ఆయన జన్మించారు. తండ్రి సైన్యంలో సుబేదారు. హైదరాబాదులోనూ, అనంతరం మద్రాసు క్రైస్తవ కళాశాలలోనూ విద్యనభ్యసించారు. అక్కడి అధ్యక్షుడు విలియం మిల్లర్ ప్రభావం ఆయనపై ప్రగాఢంగా పడింది. బ్రహ్మసమాజ సిద్ధాంతాలకు ఆకర్షితులై, ఏకేశ్వరారాధనను, కులభేద నిరసనను జీవితాంతం పాటించారు. యౌవనంలోనే భార్య మరణించినా పునర్వివాహం చేసుకోలేదు. మచిలీపట్నం నోబుల్ కళాశాలలో అధ్యాపకునిగా ఉన్నప్పుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు వంటి వారు ఆయన శిష్యులయ్యారు. సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో కొంతకాలం పనిచేసిన తరువాత కాకినాడ వచ్చారు. 1919 వరకు సుమారు పదిహేనేళ్లు పిఠాపురం రాజా కళాశాలకు సారథ్యం వహించారు.

ఆకలీ అడ్డే..
ఆ రోజుల్లో ఈ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేది. బి.ఏ. చదవాలంటే కళాశాల రుసుముతో పాటు పరీక్ష రుసుము, పుస్తకాల ఖర్చు భరించాలి. పల్లె నుంచి వచ్చిన వానికి వీటికంటే పెద్ద చిక్కు కూడు, గూడు. అగ్రవర్ణాల పేద బాలురు ఇంటింటా వారాలు చేసుకుని ఎలాగో నెట్టుకొచ్చేవారు. దళిత విద్యార్థికి ఆ దారి కూడా లేదు. అతనికి వారమిచ్చే ఇల్లూ, అద్దెకిచ్చే గదీ దొరికేవి కావు. ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరు పేదవారి అవసరాలు ఒకటి కావన్న సత్యాన్ని నాయుడు గుర్తించారు.

అందుకే కళాశాల తలుపు తెరవడంతో ఆయన తృప్తి చెందలేదు. దళిత విద్యార్థులకు ప్రవేశం కల్పించడమే గాక వారి వసతికీ పాటుపడ్డారు. స్త్రీలకు కళాశాల విద్య తగదన్న వాదాన్ని తోసిపుచ్చి వారినీ చేర్చుకున్నారు. తన జీతంలో అధిక భాగాన్ని పేద విద్యార్థుల కోసమే వెచ్చించారు. అనాథలను చేరదీసి, కన్నబిడ్డల వలె పెంచారు.

రాజు ధనం, గురువు మనసు
ఒక్కని జీతం ఎందరి ఆకలి తీర్చగలదు? ఈ ప్రశ్నకు సమాధానం పిఠాపురం సంస్థానం నుంచి లభించింది. మహారాజా రావు వెంకట కుమార మహీపతి సూర్యారావు (1885-1964) నాయుడును గురువుగా భావించారు. ఆయన ప్రోద్బలంతో స్త్రీల, దళితుల విద్యకు, వసతి గృహాలకు, కాకినాడలోని అనాథ శరణాలయానికి ధనం సమకూర్చారు. సంస్థానం ఖజానా, గురువు వివేచన ఒకటైన చోట దానం వ్యవస్థగా రూపుదిద్దుకుంది. 1911లో ఈ కళాశాలలో చేరిన చలం, తరువాత వచ్చిన దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి రచయితలపై కూడా ఆయన ముద్ర పడింది.

నాయుడు క్రమశిక్షణ కఠినం. విద్యార్థి నడవడి విషయంలో ఆయన రాజీ పడేవారు కారు. దేవదాసీ దురాచారాన్ని, మద్యపానాన్ని తీవ్రంగా ఎదిరించారు. సాయం కోరిన వాడు ఎంత పేదవాడైనా అతనిలోని మనిషిని గౌరవించాలన్నదే ఆయన నియమం.

1924లో ఆంగ్ల ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదునిచ్చింది. 1925 నుంచి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవిని నిర్వహించారు. ప్రజలు మాత్రం ఆయనను బ్రహ్మర్షి అనే పిలుచుకున్నారు. 1939 మే 26న కన్నుమూశారు.

దయ నుంచి హక్కు వరకు..
నాయుడు పద్ధతికి ఒక పరిమితి ఉండేది. ఆయన కంటపడిన విద్యార్థి గట్టెక్కాడు. అటువంటి గురువు లేని ఊళ్లో అదే ప్రతిభ గల బాలుడు పొలానికి మళ్లాడు. ఒక మంచి మనిషి దయపై చదువు ఆధారపడకూడదంటే అది ప్రభుత్వ బాధ్యత కావాలి. 2008లో రాష్ట్ర ప్రభుత్వం కుటుంబ ఆదాయం ప్రాతిపదికగా చేపట్టిన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ దిశలో పెద్ద అడుగు. అయితే రుసుము చెల్లించినంత మాత్రాన అవసరం తీరదు. విద్యార్థి రాత్రి ఎక్కడ పడుకుంటాడు, పొద్దున ఏమి తిని తరగతికి వస్తాడు అని కూడా విచారించాలి. బ్రహ్మర్షి జీవితం జిల్లాకు మిగిల్చిన పాఠం ఇదే.