అవునన్నవాడు రాసిన ‘కాదు’ కథ – జాన్ ఒకాడా

ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ అంబేద్కర్, పూలే, జాషువాల జీవితాలు రాసుకుంటాం. ఈసారీ రాసే మిత్రులున్నారు. అందుకని మేం ఈ నాలుగు పేజీల్లో దూరదేశపు రచయిత ఒకాయన్ని పరిచయం చేయదలిచాం. ఆయన పేరు జాన్ ఒకాడా. బతికుండగా అచ్చయిన నవల ఒక్కటే. దాన్ని సొంత జనమే వద్దనుకున్నారు. అచ్చు వేసిన 1500 ప్రతులు ఆయన చనిపోయేనాటికి కూడా పూర్తిగా అమ్ముడుపోలేదు. ఆ తర్వాత అదే నవల అమెరికాలో కాలేజీ విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది.

ఒకాడా 1923 సెప్టెంబరులో అమెరికా పడమటి తీరాన ఉన్న సియాటిల్ నగరంలో పుట్టాడు. తల్లిదండ్రులు జపాన్‌లోని హిరోషిమా ప్రాంతం నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. తండ్రి చిన్నపాటి హోటళ్లు నడిపేవాడు. హోటలంటే మన టిఫిన్ హోటల్ కాదు, కూలీలూ ఒంటరి మగవాళ్లూ అద్దెకుండే లాడ్జీల వంటివి. ఇలా జపాన్ నుంచి వచ్చిన మొదటి తరాన్ని ఇస్సే అనీ, అక్కడే పుట్టిన వాళ్ల పిల్లల్ని నిసే అనీ పిలుస్తారు. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోవాలి. నిసేలు పుట్టుకతోనే అమెరికా పౌరులు. ఇస్సేలకు ఎన్నేళ్లున్నా పౌరసత్వం ఇవ్వకూడదని చట్టం. 1952 దాకా ఆ చట్టం మారలేదు. ఒకాడా పుట్టిన 1923లోనే అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో భారతీయులకూ పౌరసత్వం కుదరదని తీర్పు చెప్పింది. కాబట్టి ఈ కథ మనకు పూర్తిగా పరాయిది కాదు.

1941 డిసెంబరు 7న జపాన్ విమానాలు పర్ల్ హార్బర్‌ మీద బాంబులు వేశాయి. అప్పటికి ఒకాడాకు పద్దెనిమిదేళ్లు. ఆ ఏడాదే హైస్కూలు ముగించి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. దాడి జరిగిన ఆ వారంలోనే అక్కడి విద్యార్థుల పత్రికలో పేరు లేకుండా ఒక కవిత వచ్చింది. ముఖం చూస్తే శత్రువు పోలిక, మనసు మాత్రం ఈ నేలదే అని బాధపడే కుర్రాడి కవిత. అది ఒకాడాదేనని తర్వాత తేలింది. విద్యార్థుల పత్రికల్లో పేరు పెట్టుకోవడానికి జంకి రాసినవాళ్లు మనలోనూ ఉన్నారు కదా, అందుకే ఈ సంగతి మాకు ఎక్కువగా నచ్చింది.

మూడు నెలలు తిరక్కుండానే, 1942 ఫిబ్రవరి 19న, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం చేశాడు. పడమటి తీరంలోని జపనీయ కుటుంబాలన్నిటినీ ఖాళీ చేయించే అధికారం దానితో సైన్యానికి వచ్చింది. దాదాపు 1,20,000 మందిని పట్టుకుపోయారు. వాళ్లలో మూడింట రెండు వంతులమంది అమెరికా పౌరులే. నేరం లేదు, విచారణ లేదు. ఒక్కరి మీదా గూఢచర్యం రుజువు కాలేదు. అదే యుద్ధంలో జర్మనీ, ఇటలీ కూడా శత్రు దేశాలే, అయినా ఆ మూలాలున్న వాళ్లందర్నీ ఇలా ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించలేదు. చేత్తో మోయగలిగినంత సామాను మాత్రమే తెచ్చుకోమన్నారు. దుకాణాలు, పడవలు, కుర్చీలు, కుట్టుమిషన్లు వచ్చినకాడికి అమ్ముకున్నారు.

సియాటిల్ వాళ్లను ముందు పుయాలప్ అనే ఊరి సంత మైదానానికి తరలించారు. అక్కడ పశువుల ప్రదర్శన కోసం కట్టిన కొట్టాల్లోనూ, ప్రేక్షకుల మెట్ల కిందా కుటుంబాలను దించారు. ఆ చోటికి సామరస్య శిబిరం అని అర్థం వచ్చే పేరు పెట్టారు! అక్కణ్ణుంచి ఐడహో రాష్ట్రంలోని మినిడోకా. చుట్టూ ముళ్లకంచె, కాపలా బురుజులు, ఏడారి దుమ్ము, తారు కాగితం కప్పిన రేకుల షెడ్లలాంటి పొడుగాటి గదులు. ఇలాంటి శిబిరాలు మొత్తం పది. కుటుంబానికి ఒక గది. వంట మాత్రం అందరికీ కలిపి మెస్‌లో. గంట కొడితే పళ్లెం పట్టుకుని వరసలో నిలబడాలి. పిల్లలు స్నేహితులతో ఒక బల్ల దగ్గర, తల్లి చంటిపిల్లతో మరో బల్ల దగ్గర, తండ్రి ఇంకెక్కడో. ఇంటిల్లిపాదీ కలిసి తినడం పోయింది, దానితోపాటే పెద్దల మాట చెల్లడం కూడా పోయిందని అక్కడ పెరిగినవాళ్లు తర్వాత చాలామంది చెప్పుకున్నారు. మెస్ వరస మనకూ తెలుసు. కాకపోతే మనం చదువుకోసం వచ్చాం, సెలవులకు ఇంటికి పోతాం. వాళ్లకు ఇల్లే లేకుండా చేశారు.

ఒకాడా మినిడోకాలో ఎంతోకాలం లేడు. చదువుకోసం బయటికి వెళ్లే అనుమతి దొరికిన కొద్దిమందిలో ఒకడై నెబ్రాస్కాలోని స్కాట్స్‌బ్లఫ్ అనే ఊళ్లో జూనియర్ కాలేజీలో చేరాడు. తర్వాత సైన్యానికి పేరిచ్చాడు. జపనీస్ భాష తెలిసినవాళ్లు సైన్యానికి అవసరం. పసిఫిక్ మీద విమానాల్లో తిరుగుతూ జపాన్ వాళ్ల రేడియో మాటలు విని ఇంగ్లీషులో చెప్పడం ఆయన పని. 1946లో సార్జెంటుగా బయటికొచ్చాడు. అంటే ప్రభుత్వం అడిగిన ప్రశ్నకు ఆయన జవాబు అవును.

ఆ ప్రశ్న సంగతి ఇక్కడ చెప్పాలి. 1943లో శిబిరాల్లో పదిహేడేళ్లు దాటిన అందరిచేతా ఒక ఫారం నింపించారు. అందులో 27వ ప్రశ్న, అమెరికా సైన్యంలో ఎక్కడికి పంపినా పనిచేస్తావా అని. 28వ ప్రశ్న, అమెరికాకు విధేయుడిగా ఉంటూ జపాన్ చక్రవర్తికి విధేయత వదులుకుంటావా అని. చూడ్డానికి చిన్న ప్రశ్నలే. కానీ అమెరికా పౌరసత్వం ఇవ్వని ఇస్సే ముసలివాళ్లు జపాన్‌నీ వదులుకుంటే ఏ దేశం మనుషులవుతారు? అమెరికాలోనే పుట్టి చక్రవర్తి ముఖం ఎరగని పిల్లలు అవునంటే, ఇన్నాళ్లూ ఆ విధేయత ఉన్నట్టు ఒప్పుకున్నట్టు కాదా? ముందు మా అమ్మానాన్నల్ని కంచె బయటికి వదలండి, తర్వాత సైన్యం సంగతి చూద్దాం అన్నవాళ్లున్నారు. కోపంతో కాదన్నవాళ్లున్నారు. తల్లిదండ్రుల నుంచి విడిపోతామన్న భయంతో కాదన్నవాళ్లూ ఉన్నారు. స్కాలర్‌షిప్ ఫారంలో ఒక గడి తప్పుగా నింపితే ఏడాది డబ్బు ఆగిపోతుందని మనందరికీ అనుభవమే. ఆ ఫారంలో ఒక గడి అన్నదమ్ముల్ని విడదీసింది. రెండు ప్రశ్నలకూ కాదన్నవాళ్లకు నో-నో బాయ్స్ అనే పేరు పడింది. వాళ్లను కాలిఫోర్నియాలోని టూలీ లేక్ శిబిరానికి పంపారు. 1944 జనవరి నుంచి శిబిరాల్లోని యువకుల్ని నిర్బంధంగా సైన్యంలోకి పిలవడం మొదలైంది. అప్పుడు రామన్నవాళ్లు సుమారు 300 మంది. వాళ్లకు జైలు. 1947 చివర్లో అధ్యక్షుడు ట్రూమన్ వాళ్లకు క్షమాభిక్ష ప్రకటించాడు. ప్రభుత్వం క్షమించినా వాడకట్టు క్షమించలేదు.

యుద్ధం తర్వాత ఒకాడా చదువు మళ్లీ పట్టుకున్నాడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు డిగ్రీ, న్యూయార్క్‌లోని కొలంబియాలో ఎం.ఏ. కొలంబియా అంటే మన బాబాసాహెబ్ చదివిన చోటే. అక్కడే డొరొతీ పరిచయమైంది, 1950లో పెళ్లి చేసుకున్నారు. ఇద్దరు పిల్లలు. కుటుంబం గడవడానికి సియాటిల్ గ్రంథాలయంలోనూ, తర్వాత డెట్రాయిట్ గ్రంథాలయంలోనూ పనిచేశాడు. జీతం చాలక క్రైస్లర్ కంపెనీ క్షిపణుల విభాగంలో సాంకేతిక విషయాలు రాసిపెట్టే ఉద్యోగంలోకి మారాడు. పగలు క్షిపణుల గురించి రాసిన చేత్తోనే యుద్ధం చీల్చిన మనుషుల నవల రాశాడు.

అదే ‘నో-నో బాయ్’. 1957లో టోక్యోలోనూ అమెరికాలోనూ ఆఫీసులున్న చార్లెస్ టటిల్ సంస్థ ప్రచురించింది. కథానాయకుడు ఇచిరో యమాడా, వయసు ఇరవై అయిదు. రెండేళ్లు శిబిరం, రెండేళ్లు జైలు అయ్యాక సియాటిల్‌లో బస్సు దిగుతాడు. దిగీ దిగగానే పాత పరిచయస్తుడు, సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, ఎదురై ఉమ్మేస్తాడు. ఇంటికి వెళ్తే ఇల్లు ఇల్లులా లేదు. చిన్న కిరాణా కొట్టు. తండ్రి తాగుడులో ఉన్నాడు. తల్లి జపాన్ యుద్ధం గెలిచిందనీ, తమను తీసుకుపోవడానికి ఓడలు వస్తున్నాయనీ గట్టిగా నమ్ముతోంది. జపాన్ నుంచి బంధువులు ఆకలితో అలమటిస్తూ ఉత్తరాలు రాస్తే అవన్నీ దొంగ ఉత్తరాలంటుంది. ఒక ఉత్తరం నిజమేనని తెలిసిన నాడు ఆమె మనసు విరిగిపోతుంది, చివరికి స్నానాల తొట్టిలో మునిగి చనిపోతుంది. అన్న మూలంగా పరువు పోయిందని తమ్ముడు టారో చదువు మానేసి సైన్యంలో చేరతాడు. పోతూ పోతూ తన స్నేహితుల చేత అన్నను అవమానం చేయిస్తాడు.

ఈ నవల్లో మమ్మల్ని ఎక్కువ కదిలించింది కెంజీ పాత్ర. యుద్ధంలో కాలు పోగొట్టుకుని పతకంతో తిరిగొచ్చిన వీరుడు. ఆ గాయం కుళ్లుతూ కొంచెం కొంచెంగా పైకి పాకుతోంది, డాక్టర్లు కోస్తూ పోతున్నారు. ఊరంతా ఇచిరోను వెలివేస్తే కెంజీ మాత్రం పక్కన కూర్చుంటాడు. చావు దగ్గరపడిన ఆ మనిషితో జీవితాలు మార్చుకోమంటే ఇచిరో సిద్ధం. అవునన్నవాడికి కాలూ ప్రాణమూ పోయాయి, కాదన్నవాడికి ఊరు పోయింది. ఎవరు గెలిచారో నవల తేల్చదు. కారిక్ అనే తెల్ల యజమాని దేశం చేసిన తప్పుకు సిగ్గుపడి మంచి జీతంతో ఉద్యోగం ఇస్తానన్నా ఇచిరో తీసుకోలేడు. తనకు ఆ అర్హత లేదనుకుంటాడు. శిక్ష జైలుతో ఆగలేదు, మనిషి లోపలికి పాకింది.

ఇంకో చిన్న ఘట్టం ఉంది. ఇచిరో గతంలో ఒక తెల్లవాళ్ల చర్చికి వెళ్లేవాడు, వాళ్లు ఆదరంగా చూసేవాళ్లు. ఒక ఆదివారం ఒక నల్లజాతి పెద్దాయన వచ్చి ప్రార్థన జరిగినంతసేపూ వెనక నిలబడే ఉన్నాడు. ఎవరూ చోటు చూపించలేదు. తనతో వచ్చిన జపనీయ మిత్రుడు మనల్ని బాగానే చూస్తున్నారు కదా, మనకెందుకు అన్నట్టు మాట్లాడతాడు. ఇచిరో ఇక ఆ చర్చికి పోలేదు. మన ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఈ ఘట్టాన్ని వివరించక్కర్లేదు.

ఒకాడా తన కథ తాను రాసుకోలేదు. సైన్యంలో చేరినవాడు, జైలుకెళ్లినవాడి లోపలికి వెళ్లి రాశాడు. సియాటిల్‌లోనే ఉన్న జిమ్ అకుట్సు అనే మిత్రుడు సైన్యానికి రానని జైలుకు వెళ్లినవాడు, ఆయన అనుభవం ఈ నవలకు ఆధారం. నవల ముందుమాటలో విమానంలో కూర్చున్న ఒక జపనీయ సైనికుడు జైల్లో ఉన్న స్నేహితుణ్ణి తలచుకుంటాడు. ఆ సైనికుడిలో ఒకాడా కనిపిస్తాడు. తల్లి పాత్ర విషయంలో మాత్రం రచయిత కఠినంగా ఉన్నాడని మాకనిపించింది. ఊరుగాని ఊళ్లో ముప్పై అయిదేళ్లు చాకిరీ చేసి ఒక్కసారిగా అన్నీ పోగొట్టుకున్న ఆడమనిషి పిచ్చిని బయటినుంచే చూశాడు తప్ప ఆమె పక్కన కూర్చోలేదు.

పుస్తకం వస్తే సియాటిల్ జపనీయులు ఎగబడి కొంటారని ప్రచురణకర్త ఆశపడ్డాడు. జరిగింది వేరు. అప్పటికి నిసేలు ఉద్యోగాలు, ఇళ్లు సంపాదించుకుని, శిబిరాల మాట ఎత్తకుండా, మేం మంచి అమెరికన్లం అని చూపించుకునే ప్రయత్నంలో ఉన్నారు. సొంత పిల్లలకు కూడా ఆ సంగతులు చెప్పని తల్లిదండ్రులు ఎందరో. అలాంటి సమయంలో మూసిన పుండును కెలికిన పుస్తకం ఎవరికి కావాలి? వాళ్లను తప్పుపట్టలేం. మన దేశంలోనే 1962 చైనా యుద్ధం తర్వాత దాదాపు 3000 మంది చైనా మూలాలున్న భారతీయుల్ని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో పెట్టారు. ఆ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో మేం చదవలేదు.

ఒకాడా తర్వాత కాలిఫోర్నియా చేరి అక్కడా సాంకేతిక రచనే చేస్తూ 1971 ఫిబ్రవరిలో గుండెపోటుతో చనిపోయాడు. నలభై ఏడేళ్లు. సరిగ్గా ఆ రోజుల్లోనే నలుగురు యువ రచయితలు, ఫ్రాంక్ చిన్, జెఫ్రీ చాన్, లాసన్ ఇనాడా, షాన్ వాంగ్, తమకన్నా ముందు ఆసియా మూలాలున్నవాళ్లు అమెరికాలో ఏమైనా రాశారా అని వెతుకుతున్నారు. శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక పుస్తకాల షాపులో జెఫ్రీ చాన్‌కు ఈ నవల దొరికింది. రచయితను వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆయన పోయి కొన్ని నెలలైంది. పెద్ద ప్రచురణ సంస్థలు ముందుకు రాకపోతే 1976లో వాళ్లే అచ్చు వేసి అమ్మారు. 1979 నుంచి వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం వేస్తోంది. ప్రతులు లక్ష దాటాయి.

1988లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి క్షమాపణ చెప్పింది, బతికున్న బాధితులకు తలా 20,000 డాలర్లు ఇచ్చింది. జైలుకెళ్లిన యువకులకు తమవాళ్ల క్షమాపణ దొరకడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. యుద్ధకాలంలో వాళ్లను దుయ్యబట్టిన జపనీయ అమెరికన్ పౌరుల సంఘం 2002లో గాని బహిరంగంగా క్షమాపణ చెప్పలేదు.

ఒకాడా రెండో నవల కూడా మొదలుపెట్టాడు. అది ఇస్సేల గురించి, అంటే తన తల్లిదండ్రుల తరం గురించి. ఆయన పోయాక డొరొతీ ఆ కాగితాలన్నీ ఒక విశ్వవిద్యాలయానికి ఇవ్వజూపింది. వాళ్లకు అక్కర్లేకపోయింది. ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు ఆమె వాటిని తగలబెట్టింది. 2018లో ముగ్గురు పరిశోధకులు ఆయన జీవితచరిత్రతోపాటు ఎక్కడెక్కడో పత్రికల్లో పడి ఉన్న కథల్ని వెతికి పుస్తకంగా తెచ్చారు. మొదటి నవల్లో ఎవరూ పక్కన కూర్చోని ఆ తల్లి తరం కథ మాత్రం అందులో లేదు.