తిరువాన్కూరు మార్తాండవర్మ

వర్తకము పరుల చేత నుండగా కోట తాళములు తనయొద్ద నున్నవని సంతసించు రాజునకు రాజ్యము నిలువదు. ఈ సత్యమును గ్రహించి నడచిన ప్రభువులలో తిరువాన్కూరు మార్తాండవర్మ ముఖ్యుడు.

1729 వ సంవత్సరమున నాతడు వేణాటి సింహాసనము నెక్కునాటికి ఆ రాజ్యము మిక్కిలి చిన్నది. ఎట్టువీట్టిల్ పిళ్ళమారను నాయకులును, పద్మనాభస్వామి యాలయపు ధర్మకర్తలును అధికారమును పంచుకొని రాజును నామమాత్రునిగ జేసియుండిరి. కొచ్చిలో డచ్చివారికిని, అంజుతెంగులో నింగ్లీషువారికిని కోటలు గలవు. ఉభయులకును గావలసినది మిరియము. మలయాళ తీరమున చిన్న రాజు లెందరున్న డచ్చివారికి సరకంత చౌక. కావున నా దేశము ముక్కలై యుండుటయే వారికి లాభము.

మార్తాండవర్మ మొదట నింటిని చక్కదిద్దుకొనెను. పిళ్ళమారను నిర్మూలించెను. ఆ శిక్షలు మిక్కిలి క్రూరములని యొప్పుకొనక తప్పదు. పిమ్మట రామయ్యన్ దళవాయి తోడ్పాటుతో నుత్తరమున నున్న సంస్థానములపై సేనల నడపెను. సింహళమునందలి డచ్చి గవర్నరు వాన్ ఇమ్హాఫ్ 1739 లో వచ్చి బెదరించెను గాని రాజు చలింపలేదు. 1741 లో డచ్చిసేన కొలచెల్ రేవున దిగి కల్కుళము దిక్కునకు సాగగా, ఆగస్టు మాసమున తిరువాన్కూరు సేన దానిని భంగపఱచెను.

చెఱచిక్కినవారిలో డిలనాయ్ అను సేనాని యొకడు. రాజాతనిని చెఱసాలలో మ్రగ్గనీయక కొలువున నుంచుకొనెను. ఆతడు సైనికులకు ఐరోపా కవాతు నేర్పి, ఉదయగిరి కోటను బలపఱచి, 1777 లో చనిపోవువఱకు నా సంస్థానమునకే సేవ చేసెను.

అంతటితో తృప్తి చెందక రాజు మిరియముల వర్తకమును సర్కారు పరము గావించెను. గిడ్డంగులును సుంకపు చౌకీలును వెలసినవి. మిరియముల లాభము సేనకు జీతమును తుపాకులకు వెలయు నయ్యెను. పండించు రైతునకు మాత్రము సర్కారు కట్టిన ధరయే గతి యయ్యెను. కోటగోడల భారము కొంత వాని వీపుననే పడినది.

1750 లో రాజ్యమును శ్రీ పద్మనాభునకు ధారవోసి, తాను స్వామి దాసుడనై యేలుదునని ప్రకటించెను. 1753 నాటి మావేలిక్కర యొడంబడికతో డచ్చివారు ఇతర రాజుల పక్షము వహించుట మాని, మిరియములకు బదులుగా ఆయుధముల నమ్ముటకు సమ్మతించిరి. విరోధియే తుపాకుల వర్తకు డయ్యెను. 1758 లో రాజు స్వర్గస్థు డయ్యెను.

ఈ నీతి రెండుతరములు నిలువలేదు. 1789 లో టిప్పు సుల్తాను దండెత్తగా తిరువాన్కూరు ఇంగ్లీషువారి యండ గోరవలసి వచ్చెను. 1795 లో కొచ్చి కోట డచ్చివారి చేజాఱెను. 1805 నాటి సంధితో కంపెనీ సేనకై యేటేట 8 లక్షల రూపాయలు చెల్లింపవలసి వచ్చెను. కొనువా రిరువు రున్నంతకాలము మిరియము రాజ్యమును రక్షించెను. ఒక్కడే మిగిలిన నాడు బేరము పోయి యాజ్ఞ మిగిలెను. రెండు గొప్ప రాజ్యముల వర్తకపు పోటీని నమ్ముకొని తమ రక్షణమును గట్టుకొను చిన్న దేశము లెల్ల, ఆ పోటీ ముగియు దినమునకై కూడ ముందే సిద్ధపడవలెను.