పండిత రమాబాయి: విశ్వాసం, సేవ

పాఠ పరిచయం

ఆదివారం చర్చిలో ప్రసంగం వినేవారు, గుడిలో పురాణం వినేవారు, శుక్రవారం మసీదులో బోధ వినేవారు మన దేశంలో కోట్లమంది ఉన్నారు. విన్న మంచి మాట ఇంటికి వచ్చాక ఏమవుతుంది? పొలంలో, వంటింట్లో, పనిచేసే చోట అది పనికి వస్తుందా? ఈ ప్రశ్నకు తన జీవితంతోనే జవాబు వెతికిన స్త్రీ పండిత రమాబాయి. ఈ పాఠంలో ఆమె జీవిత చరిత్ర తెలుసుకుందాం. ఆమె మతం మారిన సంగతి ఒక్కటే కాదు, ఆ విశ్వాసంతో ఆమె ఏం చేసిందో కూడా గమనిస్తూ చదవండి.

1. బాల్యం, కరువు

రమాబాయి 1858 ఏప్రిల్ 23న నేటి కర్ణాటక రాష్ట్రంలోని అడవి ప్రాంతంలో, ఒక మరాఠీ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. ఆ రోజుల్లో ఆడవాళ్లకు సంస్కృతం నేర్పడం తప్పు అనేవారు. ఆయన ఆ మాట లెక్కచేయక భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పాడు. ఆ తల్లి దగ్గరే రమాబాయి చదువుకుంది. చిన్న వయసులోనే వేలాది శ్లోకాలు ఆమెకు కంఠతా వచ్చాయి.

ఆ కుటుంబం పుణ్యక్షేత్రాలు తిరుగుతూ, పురాణాలు చెబుతూ బతికేది. 1870ల మధ్యలో దక్షిణాదిన కరువు వచ్చింది. తండ్రి, తల్లి, అక్క ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. మిగిలిన రమాబాయి, అన్న శ్రీనివాస్ దేశంలో చాలా దూరం కాలినడకన తిరిగి, 1878లో కలకత్తా చేరారు. ఆకలి అంటే ఏమిటో ఆమెకు పుస్తకాల ద్వారా తెలియలేదు, కడుపు ద్వారా తెలిసింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత ఆమె చేసిన పనికి మూలం ఇక్కడే ఉంది.

2. పండిత బిరుదు, పెళ్లి, వైధవ్యం

కలకత్తా పండితులు ఆమెను పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులు ఇచ్చారు. అక్కడే ఆమె మొదటిసారి క్రైస్తవుల ప్రార్థన చూసింది. వాళ్లు కుర్చీల ముందు మోకాళ్లపై కూర్చుంటే, కుర్చీలకే దండం పెడుతున్నారని అన్నాచెల్లెళ్లు అనుకున్నారట!

ధర్మశాస్త్రాలు చదివే కొద్దీ ఆమెలో సందేహాలు పెరిగాయి. స్త్రీలకు, శూద్రులకు వేదం చదివే అర్హత లేదన్న మాట ఆమెను బాధించింది.

1880లో అన్న మరణించాడు. అదే ఏడాది ఆమె బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలును పెళ్లి చేసుకుంది. ఆయనది వేరే కులం, వేరే భాష. 1881లో కూతురు మనోరమ పుట్టింది. 1882లో భర్త కలరాతో చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లు నిండకముందే రమాబాయి విధవ అయింది.

ఆమె పూణె చేరి ఆర్య మహిళా సమాజం స్థాపించింది. అదే ఏడాది విద్యపై వేసిన హంటర్ కమిషన్ ముందు హాజరై, ఆడపిల్లలకు చదువు చెప్పడానికి స్త్రీ టీచర్లు, వైద్యం చేయడానికి స్త్రీ డాక్టర్లు కావాలని వాదించింది. అప్పటికి కొద్ది నెలల ముందే, 1881 డిసెంబరులో, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. దేశంలో పలుచోట్ల ఒకే సమస్యపై కదలిక వచ్చిన కాలం అది.

3. ఇంగ్లండులో

వైద్యం చదవాలన్న ఆశతో 1883లో ఆమె కూతురితో ఇంగ్లండు వెళ్లింది. వినికిడి తగ్గుతూ ఉండడం వల్ల ఆ ఆశ తీరలేదు. వాంటేజ్ అనే ఊళ్లో క్రైస్తవ సన్యాసినుల దగ్గర ఉంది. సమాజం వెలివేసిన స్త్రీలను ఆ సన్యాసినులు చేరదీసి, పని నేర్పి, గౌరవంగా చూడడం ఆమె కళ్లారా చూసింది. ఇలా చేయడానికి కారణం ఏమిటని అడిగింది. యేసు ఒక సమరయ స్త్రీతో మాట్లాడిన కథను వాళ్లు చెప్పారు. ఆ సేవ, ఆ కథ రెండూ ఆమె మనసులో నాటుకున్నాయి. 1883 సెప్టెంబరు 29న ఆమె బాప్తిస్మం తీసుకుంది.

అయినా ఆమె తన బుద్ధిని ఎవరికీ తాకట్టు పెట్టలేదు. మత పెద్దలు చెప్పినదల్లా ఒప్పుకోలేదు. శాకాహారం మానలేదు. సిలువ మీద లాటిన్ మాటలు ఎందుకు, సంస్కృతం ఉంటే తప్పేమిటని వాదించింది. ఆమె మగవాళ్లకు పాఠాలు చెప్పకూడదని చర్చి అధికారులు అంటే ఎదురు తిరిగింది. దేవుడిని నమ్మడం వేరు, మనుషుల పెత్తనానికి లొంగడం వేరు అన్నది ఆమె అభిప్రాయం.

4. శారదా సదన్: ఒక కఠిన సమస్య

1886లో ఆమె అమెరికా వెళ్లింది. 1887లో హిందూ అగ్రవర్ణ స్త్రీల కష్టాలపై ఇంగ్లీషులో పుస్తకం రాసింది. అక్కడివారి విరాళాలతో 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ అనే పాఠశాల తెరిచింది. తర్వాత అది పూణెకు మారింది. బాల వితంతువులు అక్కడ చదువుకునేవారు. మొదటి విద్యార్థులలో ఒకరైన గోదూబాయిని 1893లో సంస్కర్త ధోండో కేశవ్ కర్వే పెళ్లి చేసుకున్నాడు.

శారదా సదన్‌లో ఏ మతాన్నీ బోధించబోమని మాట ఇచ్చారు. కాని రమాబాయి తన గదిలో చేసుకునే ప్రార్థనకు తలుపులు మూయలేదు. కొందరు పిల్లలు వచ్చి కూర్చునేవారు. కొందరు క్రైస్తవం వైపు మొగ్గారు. పూణెలో పెద్ద గొడవ జరిగింది. 1893లో రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. చాలామంది తల్లిదండ్రులు, సంరక్షకులు పిల్లలను తీసుకుపోయారు.

ఇక్కడ రెండు వాదాలు ఉన్నాయి. పిల్లలు తమను ఆదుకున్నవారి మాటకు సులభంగా లొంగుతారు, కాబట్టి ఇచ్చిన మాట తప్పినట్టే అన్నది ఒకటి. తన గదిలో తాను ప్రార్థించుకునే హక్కు ఆమెకు ఉంది, రావడం రాకపోవడం వాళ్ల ఇష్టం అన్నది రెండోది. నష్టపోయింది మాత్రం చదువు మధ్యలో ఆగిపోయిన ఆ పిల్లలే.

5. ముక్తి సదన్

1896-97లో మధ్య పరగణాలలో ఘోరమైన కరువు వచ్చింది. రమాబాయికి తన బాల్యం గుర్తుకు వచ్చింది. స్వయంగా అక్కడికి వెళ్లి వందలాది ఆడపిల్లలను వెంట తీసుకువచ్చింది. పూణెకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న కేడ్‌గావ్‌లో వాళ్లకు ఆశ్రయం కల్పించింది. అదే ముక్తి సదన్. 1900 నాటి గుజరాత్ కరువు తర్వాత అక్కడ ఉండేవారి సంఖ్య వేలకు చేరువైంది.

ఆదివారం అందరూ ఆరాధనకు కూడేవారు. మిగిలిన రోజుల్లో చదువు, నేత, కుట్టుపని, వ్యవసాయం, పాడి, అచ్చుపని సాగేవి. ఆ పనులన్నీ స్త్రీలే చేసేవారు. కూతురు మనోరమ చూపులేనివారికి బ్రెయిలీ లిపి నేర్పింది.

పల్లెటూరి ఆడవాళ్లకు కూడా అర్థమయ్యే మరాఠీలో బైబిలు ఉండాలని రమాబాయి హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకుని అనువాదం చేసింది. ముక్తి సదన్ స్త్రీలే దాన్ని అచ్చువేశారు. 1921లో మనోరమ మరణించింది. ఆ దుఃఖంలోనూ రమాబాయి పని ఆపలేదు. అనువాదం పూర్తిచేసి, 1922 ఏప్రిల్ 5న కన్నుమూసింది. 1989లో భారత ప్రభుత్వం ఆమె పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది.

మీరు ఆలోచించండి

1. రమాబాయి బాల్యానికి, ముక్తి సదన్‌కు ఉన్న సంబంధం ఏమిటి?
2. క్రైస్తవురాలైన తర్వాత కూడా ఆమె వేటిని వదులుకోలేదు?
3. శారదా సదన్ వివాదంలో మీకు ఏ వాదం సరైనదని తోస్తుంది? కారణాలు రాయండి.
4. ప్రార్థనలో గాని, ప్రవచనంలో గాని మీరు విన్న ఒక మంచి మాటను మీ రోజువారీ పనిలో ఎలా ఆచరించవచ్చో ఐదు వాక్యాలలో రాయండి.