రంగులు మార్చే ద్రావణం – లీ చాట్లియర్ జీవితం

ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీ చదివినవాళ్లెవరూ లీ చాట్లియర్ సూత్రాన్ని మరచిపోరు. అమ్మోనియా తయారీకి ఆ సూత్రాన్ని వర్తింపజేయమని ప్రశ్న వస్తుంది, మనం రాసేస్తాం. ఆ పేరుగల మనిషి ఎలా బతికాడో మాత్రం మార్కుల కోసం ఎవరూ అడగరు. అందుకే ఈ సంచికలో మేము ఆయన గురించి రాస్తున్నాం.

ముందుగా ఆ సూత్రాన్ని కళ్లకు కట్టే ప్రయోగం ఒకటి. కోబాల్ట్ క్లోరైడ్‌ను నీటిలో కరిగిస్తే గులాబీ రంగు వస్తుంది. అప్పుడు ఒక్కో కోబాల్ట్ అయాన్ చుట్టూ 6 నీటి అణువులుంటాయి. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా కలిపితే నీటి అణువులు తప్పుకొని 4 క్లోరైడ్ అయాన్లు చేరతాయి, ద్రావణం నీలమవుతుంది. మధ్యలో ఊదారంగు దగ్గర ఆపి, ఒక పరీక్షనాళికను వేడినీటిలో, మరొకదాన్ని మంచునీటిలో ఉంచితే మొదటిది నీలం, రెండోది గులాబీ. తారుమారు చేస్తే రంగులూ తారుమారే. (కోబాల్ట్ లవణాలు విషం. సార్ దగ్గర లేకుండా ఎవరూ చేయవద్దు.)

మన గిద్దలూరు బస్టాండులో ఎప్పుడు చూసినా జనం అంతే ఉన్నట్టుంటారు. నంద్యాల బస్సు ఎక్కేవాళ్లు ఎక్కుతుంటే, మార్కాపురం బస్సు దిగేవాళ్లు దిగుతుంటారు. సమతాస్థితి కూడా అలాంటిదే, పైకి నిశ్చలం, లోపల రాకపోకలు. వేడి చేస్తే చర్య వేడిని పీల్చుకునే వైపు జరుగుతుంది. ఇక్కడ ఆ వైపే నీలం.

హెన్రీ లీ చాట్లియర్ 1850 అక్టోబరు 8న పారిస్‌లో పుట్టారు. తండ్రి పేరున్న ఇంజనీరు. తల్లి మహా క్రమశిక్షణ గలది. వేళకు లేవాలి, పాఠాలు చదవాలి, కంచంలో పెట్టినదంతా తినాలి. హాస్టల్ పిల్లలకు ఇది కొత్త కాదు! 1877లో ఆయన పారిస్ గనుల కళాశాలలో అధ్యాపకుడయ్యారు. సిమెంటు ఎందుకు గట్టిపడుతుందో పరిశోధించి 1887లో డాక్టరేట్ పొందారు. బొగ్గుగనుల్లో కార్మికులను బలిగొనే వాయువు ఎలా అంటుకుంటుందో పరిశీలించారు. కొలిమి వేడిని కొలవడానికి ప్లాటినం, రోడియం తీగలతో నమ్మదగిన సాధనం తయారుచేశారు.

సూత్రం వెలువడింది 1884లో. అప్పటి వాక్యం పొడవుగా, చిక్కుగా ఉండేది. 1888లో ఆయనే దాన్ని సులువు చేశారు. అది ఎంత అవసరమో ఇనుప కొలిముల కథ చెబుతుంది. కొలిమి పైనుంచి కార్బన్ మోనాక్సైడ్ వృథాగా పోతుంటే, ఖనిజంతో కలిసేందుకు సమయం చాలలేదనుకొని ఇంగ్లండులో ఎంతో ఖర్చుతో కొలిముల ఎత్తు పెంచారు. అయినా ఆ వాయువు తగ్గలేదు. ఆ చర్య సమతాస్థితి దగ్గర ఆగుతుందనీ, ఎత్తు ఎంత పెంచినా లాభం లేదనీ ఆయన వివరించారు.

ఇక మాకు అన్నిటికంటే బాధ కలిగించిన ఘట్టం. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అయినప్పుడు 4 ఘనపరిమాణాలు 2 అవుతాయి. కాబట్టి పీడనం పెంచితే దిగుబడి పెరగాలి. 1901లో ఆయనే ఇనుము ఉత్ప్రేరకంగా, 200 అట్మాస్ఫియర్ల పీడనంతో ప్రయత్నించారు. పరికరంలో గాలి చేరి పెద్ద పేలుడు జరిగింది. సహాయకుడు ప్రాణాలతో బయటపడ్డాడు. లీ చాట్లియర్ ఆ పని వదిలేశారు. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ దాన్ని సాధించారు, 1913లో కర్మాగారం మొదలైంది. మన ఊళ్లలో పైర్లకు చల్లే యూరియా ఆ అమ్మోనియా నుంచే వస్తుంది. తన జీవితంలో అతిపెద్ద పొరపాటు అదేనని లీ చాట్లియర్ ముసలితనంలో దాచకుండా రాసుకున్నారు. అంత పేరొచ్చాక అలా ఒప్పుకోవడం మాకు ఆయన సూత్రమంత గొప్పగా తోచింది.

1936 సెప్టెంబరు 17న, 85 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.