హైమన్‌డార్ఫ్

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ (1909 జూన్ 22 - 1995 జూన్ 11) ప్రముఖ మానవ శాస్త్రవేత్త. ఆస్ట్రియా దేశంలో పుట్టి, హైదరాబాదు సంస్థానంలోని చెంచులు, కొండరెడ్లు, రాజగోండుల జీవితాన్ని వారి మధ్యనే నివసించి అధ్యయనం చేశాడు. గిరిజనుల పెళ్ళి, చావు, పూజ, పంచాయతీ వంటి ఆచారాలను ప్రభుత్వాలు గుర్తించి గౌరవించాలని వాదించడమే కాక, నిజాం ప్రభుత్వంలో సలహాదారుగా అందుకు తగిన చట్టం రావడానికి తోడ్పడ్డాడు. ఈయన, ఈయన భార్య బెట్టీ ఎలిజబెత్‌ల సమాధులు నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, జైనూరు మండలంలోని మార్లవాయి గ్రామంలో ఉన్నాయి.

బాల్యం, విద్య

హైమన్‌డార్ఫ్ వియన్నా నగరంలో ఒక కులీన కుటుంబంలో జన్మించాడు. వియన్నా విశ్వవిద్యాలయంలో చదివి 1931లో డాక్టరేటు పొందాడు. అస్సాం, బర్మా సరిహద్దు కొండజాతుల సామాజిక వ్యవస్థ ఆయన పరిశోధనాంశం. తరువాత లండన్‌లో ప్రసిద్ధ మానవ శాస్త్రవేత్త మలినోవ్‌స్కీ శిష్యరికం లభించింది. ఒక సమాజాన్ని తెలుసుకోవాలంటే ఆ ప్రజల మధ్య ఉండి, వారి భాష నేర్చుకుని, వారి పనిపాటలలో పాలుపంచుకోవాలన్న పద్ధతి ఆయనకు అక్కడ అలవడింది.

1936-37లో నాగా కొండలలో కొన్యాక్ నాగాల మధ్య పనిచేశాడు. ఆ కాలపు కొన్యాక్‌లు మృతదేహాన్ని పూడ్చక, కాల్చక, వెదురు మంచెపై ఉంచేవారు. కొన్నాళ్ళకు పుర్రెను వేరుచేసి రాతి గూడులో భద్రపరచేవారు. బయటివారికి వింతగా తోచే ఈ ఆచారం వెనుక, పోయినవారితో బంధం తెగిపోలేదన్న నమ్మకం ఉన్నదని ఆయన గ్రహించాడు. గిరిజనుల పరలోక విశ్వాసాలపై ఆయన 1953లో ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రచురించాడు.

హైదరాబాదు సంస్థానంలో

1938లో బెట్టీ బర్నార్డోను వివాహమాడాడు. 1939లో దంపతులు మళ్ళీ భారతదేశానికి వచ్చేసరికి రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. అంతకు ముందే ఆస్ట్రియాను జర్మనీ కలుపుకోవడం వల్ల ఆయన వద్ద ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వారి దృష్టిలో ఆయన శత్రుదేశ పౌరుడు. అందుచేత నిజాం సంస్థానం హద్దులు దాటరాదన్న ఆంక్షకు లోబడి ఉండవలసి వచ్చింది. ఈ నిర్బంధమే తెలుగు ప్రాంతపు గిరిజనుల చరిత్ర రచనకు మేలు చేసింది. నల్లమల చెంచులపై 1943లో, గోదావరి తీరపు కొండరెడ్లపై 1945లో, ఆదిలాబాదు రాజగోండులపై 1948లో ఆయన గ్రంథాలు వెలువడ్డాయి.

1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీం నేలకొరిగాడు. అడవిని రిజర్వు చేసే పేరుతో గోండు గూడేలను ఖాళీ చేయించడం, పోడు భూములు లాగివేయడం, అటవీ సిబ్బంది వసూళ్ళు ఆ తిరుగుబాటుకు కారణాలు. దాని మూలాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను వినియోగించుకుంది. భీం పోరాటమే లేకుంటే ఏలినవారు ఈ దిక్కు చూసి ఉండేవారు కారన్నది మరువరాదు.

గోండుల అంత్యక్రియలు

హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో గుడిసె వేసుకుని నివసించారు. గోండులలో ఖననం, దహనం రెండూ ఉన్నాయి. ఒకరు మరణిస్తే అది ఆ ఇంటికి మాత్రమే చెందిన విషయం కాదు. అదే గోత్రం వారికి, వియ్యమందే గోత్రాల వారికి కూడా బాధ్యతలు ఉంటాయి. ప్రధాన్లు కిక్రి వాయిస్తూ వంశగాథలు గానం చేస్తారు. వారికి కానుకలివ్వడం ఆనవాయితీ. మరణించినవారు చివరకు తమ గోత్ర దైవమైన పెర్సాపేన్ సన్నిధికి, పూర్వీకుల సమూహంలోకి చేరుతారని నమ్మకం.

ఈ వివరాలలో ఒక ముఖ్యమైన సంగతి ఇమిడి ఉంది. గోత్ర దైవం స్థానం, పూర్వీకుల జ్ఞాపకం ఒక నిర్దిష్టమైన నేలతో ముడిపడి ఉంటాయి. గూడెం ఖాళీ చేయించినప్పుడు గోండు కోల్పోయేది సాగుభూమిని మాత్రమే కాదు. తన పెద్దలకు కర్మలు జరిపే చోటును కూడా. అందువల్ల భూమి హక్కును, ఆచారాన్ని విడదీసి చూడడం సాధ్యం కాదు.

చట్టపరమైన గుర్తింపు

హైమన్‌డార్ఫ్ నివేదికలు 1945లో పుస్తకంగా వెలువడ్డాయి. అదే కాలంలో ఆయన గిరిజనులు, వెనుకబడిన వర్గాల వ్యవహారాల సలహాదారుగా నియమితుడయ్యాడు. 1946 ప్రాంతంలో, అనగా 1356 ఫసలీలో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. దీని ప్రకారం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతాలలో గిరిజన పెద్దల పంచాయతీలు తగాదాలను పరిష్కరించే వీలు కలిగింది. అంతవరకు నోటిమాటగా సాగిన కట్టుబాటుకు సర్కారు గుర్తింపు లభించింది. ఆదిలాబాదులో గిరిజనులకు లక్షకు పైగా ఎకరాల భూమికి పట్టాలు ఇచ్చారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల మొరలు వినే దర్బారు కూడా 1940లలోనే మొదలైంది.

స్వతంత్ర భారతదేశంలో ఈ గుర్తింపు మరింత విస్తృతమైంది. రాజ్యాంగపు 5వ షెడ్యూలు గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక పాలన కల్పించింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించవు. వారి వివాహాలు, వారసత్వం ఆచారం ప్రకారమే నడుస్తాయి. 1962 నాటి రాజ్యాంగ సవరణతో చేరిన 371ఎ అధికరణం నాగాల మత, సామాజిక ఆచారాలకు రక్షణ ఇచ్చింది. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో సంప్రదాయాలను, ఆచారాలను కాపాడుకునే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. ఇవన్నీ హైమన్‌డార్ఫ్ ఒక్కడి వల్ల వచ్చినవి కావు. అయితే ఆయన నలభైలలో చెప్పిన సూత్రమే వీటిలోనూ కనిపిస్తుంది.

తరువాతి జీవితం

1949లో లండన్ ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో అధ్యాపకుడిగా చేరి, 1951 నుండి 1976 వరకు ఆచార్యుడిగా పనిచేశాడు. నేపాల్ షెర్పాలపై 1964లో గ్రంథం ప్రచురించాడు. పదవీ విరమణ తరువాత దంపతులు మళ్ళీ గోండు గూడేలకు వచ్చారు. నలభైలలో పట్టాలు పొందిన భూములు ఎన్నో గిరిజనేతరుల చేతుల్లోకి పోయి ఉండడం చూశారు. భూమి బదలాయింపు నిషేధ చట్టం 1963లో తెలంగాణకు వర్తించినా, 1970లో మరింత కఠినమైనా, అమలు సరిగా లేదని 1982 నాటి గ్రంథంలో ఆయన నిష్కర్షగా రాశాడు. కాగితంపై ఉన్న గుర్తింపు ఒక్కటే చాలదన్నది ఆయన జీవితానుభవం. ఆయన ఆత్మకథ 1990లో వెలువడింది.

మరణం, సమాధులు

బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరి 11న హైదరాబాదులో మరణించింది. భర్తతో పాటు ఊరూరా తిరిగి, పరిశోధనలో సగపాలు పంచుకున్న ఆమెను మార్లవాయిలో గోండుల నడుమ సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌లో మరణించాడు. ఆయన అస్థికలను 2012లో మార్లవాయికి తెచ్చి భార్య సమాధి పక్కన ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి ఇద్దరికీ నివాళులు అర్పిస్తారు. పరుల ఆచారాలను గ్రంథాలలో నమోదు చేసిన వ్యక్తి, చివరకు ఆ ప్రజలు తలచుకునే పెద్దలలో ఒకడయ్యాడు.